అంకెకూ చిహ్నానికీ నడుమ: పాలస్తీనా యుద్ధకాల గద్యంలో దైనందిన జీవితం

ప్రస్తావన

పాలస్తీనా సాహిత్యం తెలుగు పాఠకులకు ప్రధానంగా కవిత్వం ద్వారా, అందులోనూ ప్రతిఘటన కవిత్వం ద్వారా పరిచయమైంది. మహమూద్ దర్వీష్ పేరు తెలిసినంతగా ఆ నేలకు చెందిన గద్యరచయితల పేర్లు ఇక్కడ తెలియవు. ఈ పరిచయం ఇలా జరగడానికి అరబ్బు విమర్శలోనే ఒక మూలం ఉంది. ఇజ్రాయెల్ ఏర్పడిన తర్వాత ఆ దేశపు ఏలుబడిలో మిగిలిపోయిన పాలస్తీనీయులు 1948–1966 మధ్య రాసిన సాహిత్యంపై గస్సాన్ కనఫానీ 1966లో ఒక అధ్యయనం వెలువరించారు. 'ప్రతిఘటన సాహిత్యం' అనే వ్యవహారం దానితో స్థిరపడింది. దర్వీష్ వంటి యువకవుల పేర్లు అరబ్బు లోకంలో వినబడసాగాయి. ఆ కీర్తి తెచ్చిన ఇబ్బందిని త్వరగా గుర్తించినవారిలో దర్వీష్ కూడా ఉన్నారు. ఈ క్రూరమైన ప్రేమ బారినుంచి తమను కాపాడమని అరబ్బు విమర్శకులను కోరుతూ 1969లోనే ఆయన ఒక వ్యాసం రాశారు. పుట్టిన చోటును బట్టి కాక, రాసిన రాతను బట్టి తమను తూచమన్నది అందులోని సారాంశం.

ఆ హెచ్చరిక పద్యం కంటే గద్యానికి ఎక్కువగా వర్తిస్తుంది. కర్ఫ్యూలో అత్తగారితో వేగిన కోడలి ఉత్తరాలు, బాంబుల మధ్య రాసుకున్న దినచర్యలు, ముసలమ్మలు చెప్పిన కథలు, వంటల పుస్తకం — వీటిని ప్రతిఘటన అనే ఒక్క కొలమానంతో చదివితే వీటిలో సగం కనిపించదు. ఈ రచనలు దేనిని కాపాడుతున్నాయి, ఏ పద్ధతిలో కాపాడుతున్నాయి, కాపాడే క్రమంలో దేనిని వదులుకుంటున్నాయి అన్నవి విడివిడిగా అడగవలసిన ప్రశ్నలు.

యుద్ధం ఒక జాతి జీవితాన్ని రెండు విధాలుగా మరుగుపరుస్తుంది. మొదటిది అంకె. 2023 అక్టోబరు 7న హమాస్ నాయకత్వంలో ఇజ్రాయెల్‌పై జరిగిన దాడిలో సుమారు 1,200 మంది మరణించారు. దాని వెంట గాజాలో మొదలైన యుద్ధంలో పాలస్తీనీయ మృతుల సంఖ్య పదుల వేలకు చేరింది. రోజురోజుకూ మారిన ఆ అంకె అవసరమైనదే. అది లేకపోతే జరిగినదాని పరిమాణమే తెలియదు. కాని అంకెలో చేరిన మనిషి ఉదయం ఏమి తిన్నాడో, ఎవరితో పోట్లాడాడో అందులో ఉండదు. రెండోది చిహ్నం. తాళపుచెవి, ఆలివు చెట్టు, గళ్ల రుమాలు — ఇవి గోడల మీదా జెండాల మీదా ఎక్కేసరికి ఆ తాళం ఏ ఇంటిదో, ఆ చెట్టు కాయలు ఎవరు దులిపేవారో అడిగేవారుండరు. అంకె శత్రుపక్షపు పని అనీ, చిహ్నం మిత్రపక్షపు పని అనీ అనుకోవడం తేలిక. మనిషి రోజును చెరిపివేయడంలో మాత్రం రెండింటికీ పోలిక ఉంది. పాలస్తీనా దైనందిన కథనం ఈ రెండింటి నడుమ ఇరుకైన చోటులో నిలబడుతుంది.

చిహ్నం ఆకాశం నుంచి ఊడిపడదనడానికి అక్కడి కుట్టుపని మంచి ఉదాహరణ. పాలస్తీనా పల్లె స్త్రీ తన గౌను మీద వేసుకున్న అల్లికను బట్టి ఆమె ఏ ప్రాంతానికి చెందిందో, పెళ్లయిందో లేదో ఒకప్పుడు చెప్పగలిగేవారు. 1948 తర్వాత శరణార్థి శిబిరాల్లో వేర్వేరు ఊళ్ల వారు ఒకచోట చేరడంతో ఆ నమూనాలు కలిసిపోయాయి. 1987లో మొదలైన తొలి ఇంతిఫాదా కాలంలో జెండా ఎగరేయడం నేరమైనప్పుడు స్త్రీలు దానినే గౌన్ల మీద కుట్టుకున్నారు. 2021లో యునెస్కో ఈ కుట్టుపనిని మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఊరి గుర్తు జాతి గుర్తుగా, ఆపైన ప్రపంచ వారసత్వంగా ఎదిగింది. ఎదిగిన ప్రతి మెట్టు మీదా కుట్టిన చేయి కొంత మసకబారింది.

హికాయె: గొంతు కాగితమెక్కిన తీరు

పాలస్తీనా అరబ్బీలో 'హికాయె' అంటే కథ. చలికాలపు రాత్రులు ఇంటిలో ముసలి స్త్రీలు ఆడవారికీ పిల్లలకూ చెప్పే కథలను ప్రత్యేకంగా ఈ పేరుతో పిలుస్తారు. మగవారు వీటిని తమ స్థాయికి తగనివిగా చూసేవారు. ఇబ్రహీం ముహావీ, షరీఫ్ కనానా అనే ఇద్దరు పండితులు గలిలీ, వెస్ట్ బ్యాంక్, గాజా ప్రాంతాల్లో ఈ కథలను టేపుల మీద సేకరించి, వాటిలోంచి 45 కథలను ఎంపిక చేసి ఇంగ్లీషులోకి అనువదించారు. 'స్పీక్, బర్డ్, స్పీక్ అగైన్' అనే ఆ గ్రంథం 1989లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ముద్రణాలయం నుంచి వెలువడింది. కథలు చెప్పినవారిలో అత్యధికులు స్త్రీలు.

ఈ గ్రంథపు కూర్పు గమనించదగినది. కథలు ఇతివృత్త సూచికల వరసలో లేవు. వ్యక్తి, కుటుంబం, సమాజం, పర్యావరణం, విశ్వం అనే క్రమంలో మనిషి జీవితం ఇంటి నుంచి బయటికి విస్తరించినట్టు అమరి ఉన్నాయి. మొదటి కథలో పిల్లలు లేని స్త్రీ, వంటకుండ రూపంలోనైనా సరే ఒక కూతురు కావాలని దేవుణ్ణి వేడుకుంటుంది. కుండే పుడుతుంది. అది దొర్లుకుంటూ బజారుకు వెళ్లి ఇంటికి తినుబండారాలు మోసుకొస్తుంది. ఇక్కడ మాయ అంతా వంటింటి సామగ్రితోనే జరుగుతుంది. అడుగున ఉన్న విస్తారమైన వివరణలు ఆ కుండ ఎలాంటిదో, కోడలు పుట్టింటికి ఎప్పుడు వెళ్తుందో, పెదతండ్రి కొడుకుకు పెళ్లి విషయంలో ఎలాంటి హక్కు ఉండేదో చెబుతాయి. కథలను చదివి వివరణలను వదిలేసే పాఠకుడు పుస్తకంలో సగాన్ని వదిలేసినట్టే. పల్లె జీవితపు నిఘంటువు ఆ అడుగుభాగంలోనే ఉంది.

కథకురాలు మొదట దేవుడొక్కడేనని చెప్పమని శ్రోతలను అడుగుతుంది; వారు బదులు పలుకుతారు. చివర పిట్ట ఎగిరిపోయిందని చెప్పి శుభరాత్రి కోరుతుంది. ఈ రెండు వాక్యాల మధ్య మాత్రమే కథకు అనుమతి. టేపు ఆ సద్దును పట్టుకుంది గాని, బదులు పలికే శ్రోతను పట్టుకోలేదు. ఇది సేకర్తల లోపం కాదు. మౌఖిక సంప్రదాయాన్ని కాపాడే ప్రతి ప్రయత్నం చెల్లించే మూల్యం ఇది. తెలుగు జానపద పరిశోధకులకు ఇది బాగా తెలిసిన సంగతే.

భాష విషయం మరింత చిక్కైనది. అరబ్బీలో రాతభాషకూ ఇంటిభాషకూ ఉన్న దూరం, గిడుగు రామమూర్తి ఎదుర్కొన్న గ్రాంథిక వ్యావహారిక దూరం కంటే ఎక్కువే. ఈ కథల అరబ్బీ కూర్పు 2001లో మాండలికంలోనే వచ్చింది. అంటే ఈ కథలు మొదట పరభాషలో అచ్చై, పన్నెండేళ్ల తర్వాత పుట్టింటి పలుకుబడిలోకి చేరాయి. అక్కడితో కథ ముగియలేదు. 2007లో హమాస్ ఆధ్వర్యంలోని విద్యాశాఖ, అశ్లీల పదాలున్నాయనే కారణంతో ఈ పుస్తకాన్ని పాఠశాల గ్రంథాలయాల నుంచి తొలగించాలని ఆదేశించింది. పాలస్తీనా రచయితలు, మేధావులు తీవ్రంగా నిరసించడంతో ఆదేశం వెనక్కు పోయింది. సంస్కృతి పరిరక్షణను ఆక్రమణదారుకూ ఆక్రమితునికీ మధ్య తగాదాగా మాత్రమే చూసే విమర్శ ఈ ఘట్టం ముందు తడబడుతుంది. అవ్వ నోట సహజంగా వెలువడిన మాట, జాతి పేరుతో నడిచే బడిలో సిగ్గుపడవలసిన మాటైంది. జాతి తన గురించి నిలుపుకోవాలనుకునే బొమ్మ వేరు, అవ్వ చెప్పిన కథ వేరు.

పత్రాలు పోయిన చోట

దైనందిన కథనం ఇంత బరువు మోయవలసి రావడానికి కారణం రాతపత్రాల దుస్థితి. 1948లో పశ్చిమ జెరూసలేంలోని పాలస్తీనీయుల ఇళ్ల నుంచి సేకరించిన సుమారు 30,000 పుస్తకాలు తర్వాత ఇజ్రాయెల్ జాతీయ గ్రంథాలయానికి చేరాయి. విద్యావేత్త ఖలీల్ సకాకీనీ తన గ్రంథాలయాన్ని ఆ విధంగానే కోల్పోయారు. 1982 సెప్టెంబరులో ఇజ్రాయెల్ సైన్యం బేరూత్‌లోని పాలస్తీనా పరిశోధన కేంద్రపు సేకరణలను తరలించుకుపోయింది. 1983లో ఖైదీల మార్పిడి ఒప్పందంలో భాగంగా అవి తిరిగివచ్చాయి. మనుషులతోపాటు కాగితాలు కూడా ఖైదీలుగా విడుదల కావడం ఆ ఒప్పందంలోని విశేషం. 2023 నవంబరులో గాజా నగరపాలక సంస్థ కేంద్ర ఆర్కైవ్స్ ధ్వంసమైంది. డిసెంబరులో చారిత్రకమైన ఒమరీ మసీదు చాలావరకు కూలిపోయింది. గాజాలో వందకు పైగా సాంస్కృతిక స్థలాలు దెబ్బతిన్నట్టు యునెస్కో నిర్ధారించింది.

పత్రం లేనప్పుడు జ్ఞాపకమే పత్రమవుతుంది. చరిత్రకారుడు వలీద్ ఖాలిదీ సంపాదకత్వంలో 1992లో వచ్చిన 'ఆల్ దట్ రిమెయిన్స్' 1948లో జనం ఖాళీ అయిన 418 ఊళ్లను ఒక్కొక్కటిగా నమోదు చేసింది. అది పండితుల పని. శిబిరాల్లోనూ ప్రవాసంలోనూ ఉన్న సామాన్యులు తమ ఊళ్ల చరిత్రలను తామే రాసుకున్న పుస్తకాలు మరో రకం. బావులు, పొలాల పేర్లు, ఎవరి ఇల్లు ఎవరి పక్కన, పెళ్లిలో ఏ పాట — ఇవే వాటిలోని చరిత్ర. తెలుగులో స్త్రీశక్తి సంఘటన 1986లో వెలువరించిన 'మనకు తెలియని మన చరిత్ర' ఇక్కడ గుర్తుకు రావడం సహజం. తెలంగాణ రైతాంగ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ మాటల్లో చెప్పినప్పుడు, తీర్మానాలలో లేని పోరాటం బయటపడింది.

బేరూత్‌లో ఒక కాఫీ

దైనందిన వివరానికి యుద్ధ గద్యంలో ప్రధాన స్థానం ఇచ్చిన రచనల్లో దర్వీష్ 'మతిమరుపు కోసం జ్ఞాపకం' ముఖ్యమైనది. 1982 ఆగస్టులో ఇజ్రాయెల్ ముట్టడిలో ఉన్న బేరూత్‌లో ఒకే ఒక్క రోజు దీనికి కాలం. 1980ల మధ్యలో వెలువడిన ఈ రచనను ఇంగ్లీషులోకి 1995లో తెచ్చినవారు, హికాయెలను తెచ్చిన ఇబ్రహీం ముహావీయే. ఇది యాదృచ్ఛికం కాకపోవచ్చు.

రచన ఆరంభంలో కథకుడికి కావలసింది విజయం కాదు, శాంతి కూడా కాదు. కాఫీ కాచుకోవడానికి అయిదు నిమిషాల విరామం. వంటిల్లు సముద్రం వైపు అద్దాల గోడతో ఉంది. గుళ్లు వచ్చేది అటునుంచే. గది నుంచి పొయ్యి దాకా నడవడమే ఒక సాహసయాత్ర. నీళ్లు, చెంచా, పొడి, పొంగు — ఒక్కొక్క అడుగునూ దర్వీష్ పేజీల తరబడి నింపాదిగా చెబుతారు. ఆ నింపాదితనంలోనే అర్థముంది. ముట్టడి కాలాన్ని ముక్కలు చేస్తుంది. కాఫీ కాచడం ఆ ముక్కలను మళ్లీ వరసలో పెడుతుంది. అయినా ఈ గద్యం దైనందినం కంటే కవిత్వానికి దగ్గరిది. కాఫీ క్రమంగా ఒక తత్త్వంగా మారుతుంది. ఇంట్లో మరో మనిషి ఉండి కప్పు కడగలేదని సణిగితే ఈ రచన ఎలా సాగేదో ఊహించవచ్చు. ఆ సణుగుడు కోసం ఇరవై ఏళ్లు ఆగవలసి వచ్చింది.

రమల్లాలో అత్తగారు

2002 మార్చి చివరలో ఇజ్రాయెల్ సైన్యం రమల్లాను ఆక్రమించి, యాసర్ అరాఫాత్ కార్యాలయ ప్రాంగణాన్ని ముట్టడించింది. నగరమంతటా కర్ఫ్యూ. ఆ ప్రాంగణానికి దగ్గరలో ఒంటరిగా ఉంటున్న తన వృద్ధ అత్తగారిని వాస్తుశిల్పి సువాద్ ఆమిరీ తన ఇంటికి తెచ్చుకున్నారు. బయట యుద్ధట్యాంకులు, లోపల అత్తగారు. ఒత్తిడి తట్టుకోలేక ఆమె రాత్రిపూట స్నేహితులకూ బంధువులకూ ఈమెయిళ్లు రాయసాగారు. అవే తర్వాత 'షారోన్, మా అత్తగారు' అనే రమల్లా దినచర్యలుగా పుస్తకరూపం పొందాయి. షారోన్ అంటే అప్పటి ఇజ్రాయెల్ ప్రధాని ఏరియల్ షారోన్. ఇద్దరినీ ఒకే శీర్షికలో, ఒకే బరువుతో నిలబెట్టడంలోనే పుస్తకపు స్వభావమంతా ఉంది.

తెలుగు పాఠకులకు ఇక్కడ భానుమతీ రామకృష్ణ 'అత్తగారి కథలు' స్ఫురించక మానవు. అత్తగారి పట్టుదలలు, వేళ తప్పని భోజనం, ఏ వస్తువు ఎక్కడుండాలనే నియమాలు, కోడలి ఓర్పూ విసుగూ కలిసిన స్వరం — హాస్యపు దినుసులు ఒకటే. భేదం ఇంటి గోడల్లో ఉంది. భానుమతి అత్తగారి పంతాలు నవ్వు పుట్టించేది ఆ ఇల్లు స్థిరంగా నిలిచి ఉన్నందువల్ల. ఉమ్ సలీం కుటుంబం 1948లో యాఫాను వదిలివచ్చిన కుటుంబం. ఇల్లు విడిచి కదలాలన్నప్పుడు ఏమి సర్దుకోవాలన్న ప్రశ్న ఆమెకు కొత్తది కాదు. కర్ఫ్యూ సడలించిన కొద్ది గంటల్లో ఆమెను తొందరపెట్టే కోడలికి ఈ సంగతి తెలుసు. అయినా తొందరపెట్టక తప్పదు, విసుక్కోకా తప్పదు. నవ్వు ఆగకుండానే వెనుక 1948 తలుపు తెరుచుకుంటుంది. రచయిత్రి ఆ తలుపు దగ్గర నిలబడి ఉపన్యాసం ఇవ్వరు; పుస్తకపు బలం అదే.

పుస్తకంలో బాగా ప్రసిద్ధమైన మరో ఘట్టం కుక్కపిల్ల పాస్‌పోర్టు. ఆమిరీ తన కుక్కపిల్లకు ఇజ్రాయెలీ పశువైద్యురాలి దగ్గర టీకా వేయిస్తే, దానికి జెరూసలేం పత్రం దొరుకుతుంది. ఏళ్ల తరబడి తిరిగినా ఆమెకు అలాంటి అనుమతి లేదు. చెక్‌పోస్టు దగ్గర ఆమె కుక్క పత్రం చూపించి, తాను దాని డ్రైవరునని చెప్పి జెరూసలేంలోకి వెళ్తారు. అధికార యంత్రాంగపు అసంబద్ధతపై వందపేజీల నివేదిక చేయలేని పనిని ఈ ఘట్టం చేస్తుందని విమర్శకులు అనడం పరిపాటి. నిజానికి ఇందులో మరో అంశముంది. కథ పూర్తయ్యాక పాఠకుడికి చెక్‌పోస్టు కంటే కుక్కపిల్ల ఎక్కువ గుర్తుంటుంది. అణచివేత వర్ణనకు ఉపకరణంగా వచ్చిన ప్రాణి, తన స్వంత జీవితంతో కథలో మిగులుతుంది. అంకెకూ చిహ్నానికీ లొంగని వివరం అంటే ఇలాంటిది.

ఈ స్వేచ్ఛకు రూపపరమైన కారణం ఈమెయిలే. తన అత్తగారిని ఎరిగినవారికి రాసేటప్పుడు ఆమె జాతి ప్రతినిధిగా మాట్లాడనక్కరలేదు. అత్తగారిని ఆదర్శ మాతృమూర్తిగా దిద్దనక్కరలేదు. ఆమిరీ వృత్తితో కూడా దీనికి సంబంధముంది. ఆమె 1991లో స్థాపించిన 'రివాక్' సంస్థ పాలస్తీనాలోని 50,000కు పైగా చారిత్రక కట్టడాలను ఇల్లిల్లూ తిరిగి నమోదు చేసింది. గోడ మందం, కిటికీ తీరు కొలిచిన చూపే మనుషుల మీద కూడా పడింది. అయితే వర్గం సంగతి మరవరాదు. నిలిచి ఉన్న ఇల్లు, నిండిన అలమర, రాత్రిపూట కంప్యూటరు ఉన్న మధ్యతరగతి జీవితమే ఈ హాస్యానికి ఆధారం. అదే వసంతంలో జెనీన్ శరణార్థి శిబిరంలో ఇళ్లు నేలమట్టమయ్యాయి. అక్కడి కోడలికి ఈ స్వరం సాధ్యమయ్యేది కాదు.

గాజా దినచర్యలు

ఇల్లే నిలవని చోట దైనందిన కథనం ఏమవుతుంది? దీనికి సమాధానం అతెఫ్ అబూ సైఫ్ రాసిన రెండు దినచర్యలను పక్కపక్కన పెట్టినప్పుడు దొరుకుతుంది. 1973లో జబాలియా శరణార్థి శిబిరంలో పుట్టిన ఈ నవలాకారుడు 2014 యుద్ధపు 51 రోజులనూ 'ద డ్రోన్ ఈట్స్ విత్ మీ' లోనూ, 2023 చివరి మూడు నెలలను 'డోంట్ లుక్ లెఫ్ట్' లోనూ నమోదు చేశారు.

2014 యుద్ధం రంజాన్ మాసంలో మొదలైంది. ఉపవాసం విడిచే వేళ కుటుంబం భోజనానికి కూర్చుంటే పైన డ్రోను రొద. ఎక్కడో తెర ముందు కూర్చున్న మనిషి తమ కంచాలలోకి చూస్తున్నాడన్న ఊహ నుంచే పుస్తకానికి పేరు వచ్చింది. ఈ ఊహ సామాన్యమైనది కాదు. కుటుంబ భోజనమంటే తమవారు తప్ప మరొకరు చూడనిది. ఇక్కడ పిలవని అతిథి ప్రతి ముద్దనూ చూస్తున్నాడు. పుస్తకం పొడవునా రోజులు ఒకే తీరున సాగుతాయి. రాత్రి ఎవరు ఏ గదిలో పడుకోవాలి, పిల్లలను ఇంటిలో ఎలా పట్టి ఉంచాలి, తెల్లవారితే ఏ వీధి మిగిలింది. చదవడానికి విసుగు కలిగించే పునరుక్తి ఇది. ఆ విసుగును దిద్దకుండా ఉంచడం రచయిత విచక్షణకు గుర్తు. యుద్ధం పాఠకుడికి ఉత్కంఠ కావచ్చు, లోపలున్నవారికి మాత్రం అది ఎక్కువగా నిరీక్షణే. మనిషి అంకెగా మారితే అతని కథ మాయమవుతుందన్న బెంగ ఈ తొలి దినచర్యలోనే పదేపదే పలికింది.

రెండో దినచర్య ఆరంభంలో ఒక విచిత్రమైన పొంతన ఉంది. అప్పటికి పాలస్తీనా ప్రభుత్వంలో సాంస్కృతిక మంత్రిగా ఉన్న అబూ సైఫ్, వారసత్వ దినోత్సవ కార్యక్రమం కోసం రమల్లా నుంచి గాజాకు వచ్చారు. యుద్ధం మొదలైన ఉదయం ఆయన సముద్రంలో ఈదుతున్నారు. వారసత్వాన్ని వేదిక మీద జరుపుకోవడానికి వచ్చిన మంత్రి, ఆ క్షణం నుంచి దానిని ఫోనులో టైపుచేసి కాపాడుకోవలసిన పౌరుడయ్యారు. మంత్రిత్వం పుస్తకంలో దాదాపు కనబడదు. రొట్టె కోసం వరుసలో నిలబడటంలో దానికి విలువ లేదు.

తొలి పుస్తకంలో ఇల్లు, గది, పడక ఉన్నాయి. రెండో పుస్తకంలో అవి క్రమంగా రాలిపోతాయి. మొదట ఆశ్రయమిచ్చిన గాజా ప్రెస్ హౌస్, తర్వాత శిబిరంలోని బంధువుల ఇళ్లు, చివరకు దక్షిణాన గుడారం. ప్రెస్ హౌస్ నిర్వాహకుడు బిలాల్ జాదల్లా 2023 నవంబరు 19న హతుడయ్యారు. దైనందినమంటే పరుపు వెతకడం, ఫోను చార్జింగు పెట్టుకోవడం, నీళ్లు మోయడం. కొడుకుతో కలిసి దక్షిణానికి నడిచిన దారిలో రోడ్డు పక్కన శవాలు పడి ఉన్న దృశ్యం నుంచి పుస్తకానికి పేరు వచ్చింది. చూడవద్దని కొడుక్కు చెప్పిన తండ్రి, తాను చూసి రాశాడు. ఈ వైరుధ్యాన్ని ఆయన వివరించరు. బాంబు దాడిలో కుటుంబాన్నీ, రెండు కాళ్లనూ, ఒక చేతినీ పోగొట్టుకున్న బంధువుల అమ్మాయిని ఆసుపత్రిలో చూసివచ్చే పేజీలలో వాక్యాలు మరీ పొట్టివవుతాయి. విశేషణాలు దాదాపు లేవు. ఆమిరీ హాస్యం ఇక్కడ లేదు, దర్వీష్ నింపాదితనం లేదు. మిగిలిన రూపం జాబితా ఒక్కటే: ఎవరు ఉన్నారు, ఎవరు లేరు, ఏమి దొరికింది. దినచర్య అనే ప్రక్రియ తనకు ఆధారమైన 'దినం' కోల్పోయినప్పుడు ఏమవుతుందో ఈ పుస్తకం చూపుతుంది. సాహిత్యగుణం తగ్గిందని దీనిని రెండో స్థానంలో నిలిపే సమీక్ష, ఆ తగ్గుదలే విషయమని గుర్తించలేదన్నమాట.

వంటిల్లు, కేలరీలు

లైలా అల్ హద్దాద్, మ్యాగీ ష్మిట్ కలిసి 2013లో వెలువరించిన 'ద గాజా కిచెన్' పైకి వంటల పుస్తకం. గాజా ఇళ్లలో స్త్రీల దగ్గర కూర్చుని సేకరించిన వంటకాలు ఇందులో ఉన్నాయి. గాజా వంటకు సోయాకూర, సోయాగింజలు, వెల్లుల్లి, ఘాటైన మిరప ప్రాణం. మట్టి గిన్నెలో కొయ్య రోకలితో నూరే ఆ మిరపముద్దల వర్ణన చదివిన తెలుగువారికి రోటి పచ్చడి తలపుకు రావడం సహజం. పండుగకు వండే 'సుమాకియ్యె' లో మాంసం, ఆకుకూర, శనగలు, నువ్వుల ముద్ద, పుల్లని సుమాక్ కలుస్తాయి. గాజా జనాభాలో సుమారు 70 శాతం 1948లో వేరే ఊళ్ల నుంచి వచ్చిన శరణార్థులు, వారి సంతతి. అందుచేత ఒక వంట ఎవరిదని అడిగితే, ఇప్పుడు లేని ఊరి పేరు జవాబుగా వస్తుంది.

ఈ పుస్తకాన్ని మరో పత్రం పక్కన పెట్టి చదవాలి. గాజాకు ఎంత ఆహారం అనుమతించాలో లెక్కించిన ఇజ్రాయెల్ రక్షణశాఖ పత్రం, మానవహక్కుల సంస్థ 'గిషా' న్యాయపోరాటం ఫలితంగా 2012లో వెల్లడైంది. 2008 నాటి ఆ లెక్క ప్రకారం మనిషికి రోజుకు 2,279 కేలరీలు. అది ముసాయిదా మాత్రమేననీ, అమలు కాలేదనీ అధికారులు అన్నారు. అమలు మాట ఎలా ఉన్నా, భోజనాన్ని ఆ విధంగా ఊహించడం సాధ్యమైంది. కేలరీల పట్టికలో పుల్లదనం ఉండదు, పండుగ ఉండదు, అత్తగారి కొలతకూ కోడలి కొలతకూ తేడా ఉండదు. వంటల పుస్తకం వీటన్నిటికీ చోటిస్తుంది. ఈ పరిశీలనకు తీసుకున్న రచనలన్నిటిలో అంకెకు సూటిగా బదులిచ్చినది, రాజకీయాలు అతి తక్కువ మాట్లాడిన ఈ పుస్తకమే కావడం గమనార్హం.

ఎవరి భాషలో, ఎవరి కోసం

గాజా ఇస్లామిక్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు సాహిత్యం బోధించిన రిఫాత్ అలరీర్, 2008–09 యుద్ధపు 23 రోజులకు గుర్తుగా 23 కథలతో 'గాజా రైట్స్ బ్యాక్' సంకలనాన్ని 2014లో తెచ్చారు. రాసినవారు యువతీ యువకులు, చాలామంది ఆయన విద్యార్థులు. కథలు ఇంగ్లీషులోనే పుట్టాయి. ఆయన సహస్థాపకుడిగా 2014 యుద్ధం తర్వాత రూపొందిన రచయితల కృషికి 'మేము అంకెలం కాము' అని అర్థమిచ్చే పేరు పెట్టారు. 2023 డిసెంబరు 6న వైమానిక దాడిలో కొందరు కుటుంబసభ్యులతో సహా ఆయన మరణించారు. ఆ తర్వాత ఆయన కవిత ఒకటి ప్రపంచమంతటా గోడల మీదికీ ఊరేగింపుల్లోకీ ఎక్కింది. అంకె కాకూడదని శ్రమించిన అధ్యాపకుడు చిహ్నమయ్యారు. ఆయన తరగతిలో ఏమి చెప్పేవారో, ఎవరి కథను ఎలా దిద్దేవారో తెలుసుకోవాలంటే మాత్రం ఆ 23 కథల దగ్గరికే వెళ్లాలి.

ఇంగ్లీషు ఎంపిక వెనుక అవసరముంది: తమ మాట బయటికి చేరాలి. దాని మూల్యమూ ఉంది. బయటి పాఠకుడి కోసం రాసేటప్పుడు తెలిసిన సంగతిని కూడా విడమరచాలి, నొప్పిని రుజువు చేయాలి. కొన్ని కథల్లో వంటకం పేరు వెంటనే దాని వివరణ రావడం ఈ ఒత్తిడి ఫలితమే. అవ్వ హికాయె చెప్పేటప్పుడు కుండ అంటే ఏమిటో వివరించలేదు. ఆ పని అడుగునున్న వివరణలు చేశాయి. యువరచయిత కథే వివరణగా మారే ప్రమాదంలో ఉంటాడు. బలమైన కథలు దీనిని తప్పించుకున్నాయి, బలహీనమైనవి తప్పించుకోలేదు.

ఈ గద్యం తెలుగులోకి వచ్చేటప్పుడు కూడా ఇదే ప్రశ్న మరో రూపంలో ఎదురవుతుంది. అనువాదకులకు దొరికేది సాధారణంగా ఇంగ్లీషు ప్రతి. ఆమిరీ పుస్తకపు ఇంగ్లీషు పేరులో అత్తగారికి దక్కినది చట్టరీత్యా తల్లి అనే పొడి మాట. అరబ్బీలో ఆ చోట 'హమాతీ' ఉంది. ఒకే పదంలో మా అత్త అన్న అర్థం, ఇంటిలో ఆమెకున్న అధికారం, కోడళ్లు పరస్పరం చెప్పుకునే వేయి కథల నీడ ఉన్నాయి. తెలుగు అనువాదకులు 'మా అత్తగారు' అని రాయగానే, ఇంగ్లీషులో జారిపోయిన వాటిలో చాలావరకు అడగకుండానే తిరిగివస్తాయి. ఉమ్ సలీం భోజనం వేళ గురించి పట్టుబట్టే చోట అనువాదకులు ఆమె చేత ఏ యాసలో మాట్లాడించాలన్నది మాత్రం తేలవలసి ఉంది.